పదకొండు ఇళ్లలో ఒకే కుళాయి

హెన్రీకె మొదటిసారి వచ్చిన రోజున బూట్లు విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడింది. ఆ రోజు బుధవారం. మసీదు వెనక ఆడవాళ్ల గదిలో పద్నాలుగు మందిమి పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని మాంతీ మడుస్తున్నాం. వసంతంలో మసీదు ముందు పెట్టే తిండి సంతకి ఏటా మా వంతు అదే. గోరంత పిండి ముక్క, మధ్యలో చిటికెడు మాంసం, నాలుగు మూలలూ కలిపి నొక్కడం. చేతులు వాటంతట అవే చేసుకుపోతుంటే నోళ్లకు బోలెడు తీరిక.

"అవెవరూ ఎత్తుకుపోర్లే అమ్మాయ్, అక్కడ పడెయ్. నీ కాలంత కాలు మాలో ఎవరికీ లేదు" అంది గుల్సుమ్ పిన్ని.

ఆ పిల్ల ఎర్రబడిపోయి, కిందికి చూసి, తన కాళ్లను అప్పుడే మొదటిసారి చూసుకుంటున్నట్టు నవ్వింది. ఆ నవ్వుతోనే మాలో సగం మందిని గెలుచుకుంది. తరవాత ఆమె నోరు విప్పాక మిగతా సగం కూడా లొంగిపోయారు. ఎందుకంటే ఆమె మాట్లాడే టర్కిష్ అచ్చం రేడియోలో వార్తలు చదివేవాళ్లది. మేం పేర్లు పెట్టి పిలుచుకునే చోట ఆమె 'గారు' అనేది. మా నోళ్లలో ఎప్పుడో అరిగిపోయిన మాటలన్నీ ఆమె దగ్గర కొత్త గిన్నెల్లా మెరుస్తుండేవి.

యూనివర్సిటీ నుంచి వచ్చానంది. జర్మనీకి మొదట్లో పని కోసం వచ్చిన ముస్లిం ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తున్నానంది. వాళ్ల వృద్ధాప్యం, ఒంటరితనం తన అంశాలంది.

"వృద్ధాప్యమా? మరి ఆ వృద్ధులెప్పుడొస్తారు?" అని దుర్దానె తలుపు వైపు చూసింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు.

ఆ రోజే హెన్రీకె ఒక కాగితం తీసి ముగ్గుర్ని అడిగింది. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస. మీకు ఒంటరిగా అనిపిస్తుందా, అనిపించినప్పుడు ఏం చేస్తారు, అలా సాగేది.

"ఎనిమిది మంది మనవలు, ఇద్దరు కోడళ్లు, రెండు చెవులూ వినపడని ఒక మొగుడు. ఒంటరితనాన్ని ఎక్కడ పెట్టుకోమంటావ్ తల్లీ, బాల్కనీలోనా?" అంది గుల్సుమ్ పిన్ని. అందరం నవ్వాం. హెన్రీకె కూడా నవ్వి రాసుకుంది. అయితే ఆమె పెన్ను నెమ్మదించడం నేను చూశాను. నోటి మూలలు ఒక్క క్షణం కిందికి జారి మళ్లీ సర్దుకున్నాయి.

ముఖాలు చదవడం నాకు అలవాటు. ముప్పై ఏళ్లు ఈ డూయిస్‌బుర్గ్‌లో డాక్టర్లకీ మా ఆడవాళ్లకీ మధ్య నిలబడి ఇటు మాట అటు చెప్పాను. చెడు కబురు మాటగా రాకముందే డాక్టరు ముఖంలోకి వచ్చేస్తుంది. ఆ కొద్ది వ్యవధిలో, నా పక్కనున్న మనిషికి ఇంకా ఏమీ తెలియని ఆ రెండు సెకన్లలో, నేను ఒక్కదాన్నే ఆ కబురుతో ఉండేదాన్ని. నా మనసంటూ ఏదైనా తయారైతే ఆ సెకన్లలోనే తయారై ఉంటుంది.

హెన్రీకె వెళ్లగానే హాజెర్ పిండి కర్ర కింద పెట్టింది.

"పాపం. ఆ పిల్ల తప్పుతుంది."

ఎవరూ ఆ మాట కాదనలేదు. మేమేమీ తెలివితక్కువ వాళ్లం కాదు. కాకపోతే మాకు తెలిసినంతలో ఒక కాగితం మీద వరసగా ప్రశ్నలుండి, చివర సంతకం చేయమంటే అది పరీక్షే. రెండేళ్ల కిందట పౌరసత్వానికి పరీక్ష పెట్టినప్పుడు ఇదే బల్ల మీద నేను తొమ్మిది మందికి మూడొందల పైచిలుకు ప్రశ్నలు వల్లె వేయించాను. చట్టసభకి ఎన్నేళ్లకోసారి ఎన్నికలు, జెండాలో రంగులేవి, మాంతీ మడుస్తూ అన్నీ అప్పజెప్పేవాళ్లు. ఒక్కరూ తప్పలేదు.

అంతకు ముందు ఇస్తాంబుల్‌లో ఇంకో పరీక్ష జరిగింది. జర్మనీకి మనుషుల్ని ఏరే ఆఫీసులో జర్మన్ డాక్టర్లు మా పళ్లు చూసి, రక్తం తీసి, చేతికో సీసా ఇచ్చి మరుగుదొడ్డిలోకి పంపేవాళ్లు. మూత్రంలో ఏదైనా తేడా ఉంటే ఇంటికే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వరసలో నా వెనకున్న దుర్దానెకి మూత్రపిండాల జబ్బు. ఆమె ఎవరో నాకు తెలియదు. ఏడుస్తూ సీసా నా చేతిలో పెట్టింది. నేను రెండూ నింపాను. మా స్నేహం అలా మొదలైంది. ఆ రోజుల్లో ఒకరికొకరు ఇలాంటి సాయం చేసుకున్న వాళ్లు ఈ బల్ల చుట్టూ ఇంకా ముగ్గురున్నారు. పరీక్షలో ఒకరు తప్పుతుంటే మిగతావాళ్లు చూస్తూ కూర్చోవడం మాకు చేతకాదు.

"నెర్మిన్, నువ్వు చదువుకున్నదానివి. ఒంటరిగా ఉండేవాళ్లు ఏం చేస్తారో చెప్పు, మేం చెప్పేస్తాం" అంది గుల్సుమ్ పిన్ని.

"ఏం చేస్తారు, ఏమీ చెయ్యరు."

"ఏమీ చెయ్యరని రాస్తే మార్కులెవరిస్తారే?" అంది హాజెర్.

అప్పుడు నేను చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. చేతులు పనిలో ఉన్నప్పుడు మనసుకి కాపలా ఉండదు. ఎక్కడో విన్నదాన్ని చెబుతున్నట్టు, మడుస్తున్న పిండి మీంచి కళ్లెత్తకుండా, "భర్త పోయినావిడ ఒకావిడుంది. సాయంత్రం నమాజు వేళకి స్నానాల గదిలో కుళాయి కొంచెం తిప్పి వదిలేస్తుందట. వంటింట్లో కూర్చుంటే లోపల ఎవరో కాళ్లూ చేతులూ కడుక్కుంటూ వజూ చేసుకుంటున్నట్టు వినిపిస్తుంది కదా. కాసేపు అలా విని, వెళ్లి కట్టేస్తుందట" అన్నాను.

బల్ల చుట్టూ మడుస్తున్న చేతులన్నీ ఒక్కసారి ఆగాయి.

"ఇది బావుంది" అంది దుర్దానె నెమ్మదిగా.

"ఎంతసేపు వదలాలి?" అని అడిగింది హాజెర్.

"మనిషి వజూ చేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు."

మిగతా వివరాలు వాళ్లే కుదుర్చుకున్నారు. ఆ రాత్రి నాకు సిగ్గుగా అనిపించాల్సింది, అనిపించలేదు. ఐదేళ్లుగా ఒక్కదాన్నే మోస్తున్న బరువును పదిమంది చేతుల్లో పెట్టి ఊరికే నడుస్తున్నట్టుంది.

తరవాతి వారాల్లో హెన్రీకె ఒక్కొక్కరినే పక్కనున్న పుస్తకాల గదిలోకి తీసుకెళ్లి, రికార్డరు పెట్టి మాట్లాడించింది. ఒక్కొక్కరూ బయటికొచ్చి, పరీక్ష బాగా రాసిన పిల్లల్లా నా వైపు చూసి తలూపేవాళ్లు. హెన్రీకె కళ్లు ప్రతిసారీ ఇంకొంచెం మెరిసేవి. "నెర్మిన్ గారూ, మీరెప్పుడు?" అని అడిగితే "అందరూ అయ్యాక" అనేదాన్ని. అందరూ అయ్యాక నాకు జలుబు చేసింది. జలుబు తగ్గాక ఆమె రాసుకోవడానికి వెళ్లిపోయింది.

జూన్‌లో మళ్లీ వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా, బూట్లు తిన్నగా అరలోకి. నన్ను పుస్తకాల గదిలోకి పిలిచి, కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల ప్రొఫెసరుకి ఒక అధ్యాయం చాలా నచ్చిందట. ఇన్నేళ్లలో ఇలాంటిది చదవలేదన్నాడట.

"నీళ్ల మీద రాశాను" అంది. "నాతో మాట్లాడిన పదమూడు మందిలో పదకొండు మంది ఇళ్లలో సాయంత్రం కుళాయి వదులుతారు. మీకు తెలుసా ఈ సంగతి?"

నా జవాబు కోసం ఆగకుండా ఆమె కాగితం తీసి చదివింది. పోయిన మనిషి ప్రార్థనకి ఎప్పటికీ సిద్ధమవుతూనే ఉంటాడట. ఆ సిద్ధపడటం పూర్తికానంతవరకూ అతను ఇంట్లోనే ఉన్నట్టట. ఏడుపుకి చోటులేని పరాయి దేశంలో వీళ్లు ఏడుపుని నీళ్లకి అప్పగించారట.

వింటుంటే నాలో మొదట లేచింది గర్వం. ఇంత కాలం నేను పిచ్చితనం అనుకున్న పనిలో ఇంత అర్థం ఉందని ఎవరో చదివి చెబుతుంటే ఎవరికైనా బావుంటుంది. తరవాత లేచింది అసూయ, నా కుళాయి పదకొండు మందికి పంపకమైపోయిందని. ఈ రెండూ దిగాక గానీ భయం రాలేదు.

"గుల్సుమ్ మొగుడు బతికే ఉన్నాడు కదా" అన్నాను మెల్లిగా.

"అదే కదా విశేషం. ఏడుగురి భర్తలు బతికే ఉన్నారు. అయినా కుళాయి వదులుతున్నారు. అంటే ఈ ఒంటరితనం ఏ ఒక్కరి ఇంటిదీ కాదు, అందరిదీ" అంది.

మా మీద ఎంతో గౌరవం ఉంటే తప్ప అంత పెద్ద పొరపాటు చేయలేరు ఎవరూ. గుల్సుమ్ పిన్ని మనవలు ఎనిమిది మందీ ఒక్కసారి అరిస్తే ఆ ఇంట్లో కుళాయి కాదు, రైన్ నది పారినా వినపడదు. ఈ మాట ఏ చిన్నపిల్లకైనా తడుతుంది. ఈ పిల్ల మాత్రం వాళ్లు చెప్పిన ప్రతి మాటనీ నమ్మింది.

"ఎప్పుడివ్వాలి ఇది?"

"ఆరు వారాల్లో."

తరవాతి బుధవారం హెన్రీకె లేనప్పుడు బల్ల దగ్గర సంగతి చెప్పాను. ఆమెతో నిజం చెప్పేయాలన్నాను.

"చెప్తే ఏమవుతుంది?" అంది దుర్దానె.

"రెండేళ్ల పని పోవచ్చు."

"చెప్పకపోతే?"

"డాక్టరేటు పట్టా వస్తుంది."

"మరింకేం, నోరు మూసుకుందాం" అంది హాజెర్.

"ఆ పుస్తకం గ్రంథాలయంలో ఉండిపోతుంది హాజెర్. యాభై ఏళ్ల తరవాత ఎవరో తీసి చదువుతారు. డూయిస్‌బుర్గ్‌లో టర్కీ ఆడవాళ్లందరూ సాయంత్రం కుళాయిలు తిప్పి కూర్చునేవాళ్లని రాసుకుంటారు."

హాజెర్ ముఖం మారింది. "నీళ్లు వృథా చేసేవాళ్లమని అనుకుంటారా?"

"అనుకోరూ?"

"అది పాపం కదే. వజూకి కూడా కావలసినంతే వాడాలి. నది ఒడ్డున ఉన్నా సరే."

ఈ ముక్క ఎవరికీ ముందు తట్టలేదు. పదకొండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబద్ధం సంగతి ఎలా ఉన్నా, పొదుపు లేని ఆడవాళ్లుగా పుస్తకంలోకి ఎక్కడం వాళ్లకి నచ్చలేదు. చెప్పడానికి ఒప్పుకున్నారు. చెప్పాల్సింది నేనే అన్నారు, నేర్పిందాన్ని గనక.

బయటికొచ్చాక గుల్సుమ్ పిన్ని నా చెయ్యి పట్టుకుంది. పిండి ఇంకా వేళ్ల మధ్య ఎండి ఉంది.

"ఎవరిదని అడుగుతుంది" అంది.

"ఏది?"

"ఏదేంటే. కుళాయి." ఆమె నా వైపు చూడకుండా వీధి చివర ట్రాము వైపు చూస్తోంది. "మీ కింది అంతస్తులో ఉండేది మా పెద్దకోడలి అక్క. ఆ పైపు దాని వంటింటి గోడలోంచే దిగుతుంది. ఐదేళ్లుగా వింటోంది."

నేనూ ట్రాము వైపే చూశాను.

"అందరికీ తెలుసా?"

"నీకు తప్ప అందరికీ తెలుసు, అందరికీ తెలుసని. నువ్వు చెప్పవు. ఎవరైనా చెప్పాలి కదా. సరే ఈ పిల్ల అడుగుతోంది, మేం చెప్పాం." నా చెయ్యి వదిలి, "మా ముసలాయన చచ్చిపోయినట్టు చెప్పలేక నాకు ప్రాణం మీదికొచ్చింది. 'పోయాక ఎలా ఉంటుందో ఊహించుకుని వదుల్తా' అని చెప్పా. రాసుకుంది పిచ్చిది" అంది.

మనుషుల ముఖాలు చదవగలనని ఇన్నేళ్లు అనుకున్నాను. వాళ్లు పదకొండు మంది ప్రతి బుధవారం నా ముఖం చదువుతూ ఉన్నారు.

హెన్రీకెకి ఫోన్ చేసి రమ్మన్నాను. పుస్తకాల గదిలో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. డాక్టర్ల దగ్గర చెడు కబురు చెప్పినట్టే చెప్పాను, నెమ్మదిగా, మధ్యలో ఆపకుండా. ఆమె ముందు నవ్వింది, నేను హాస్యమాడుతున్నాననుకుని. తరవాత మెడకున్న కండువా తీసి మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది.

"పదకొండు మందీ?"

"పదకొండు మందీ."

"ఎందుకు?"

"నువ్వు తప్పుతావని."

"ఇది పరీక్ష కాదు నెర్మిన్ గారూ."

"మొదటి రోజు గుల్సుమ్ నాకు ఒంటరితనం లేదన్నప్పుడు నీ ముఖం చూశాం. పరీక్షలో జవాబు తప్పినవాళ్ల ముఖం అలాగే ఉంటుంది."

ఆమె చాలాసేపు కండువా వైపే చూసింది. కోపం వస్తుందనుకున్నాను. వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నిజమే. లేదంటారని నేననుకోలేదు. ఉందని తెలుసుకునే వచ్చాను" అంది. అది రేడియో గొంతు కాదు. మొదటిసారి ఆమె వాక్యం మధ్యలో తడబడింది. "మా అమ్మ ఉత్తరాన చిన్న ఊళ్లో ఉంటుంది. ఒక్కత్తే. నేను ఫోన్ చేసినప్పుడల్లా టీవీ గొంతు తగ్గించదు. అడగాల్సింది ఆవిణ్ని. మిమ్మల్ని అడగడం తేలిక."

మాంతీ గదిలోంచి నవ్వులు వినపడుతున్నాయి. లోపల ఏమవుతోందో తెలియక వాళ్లు కావాలనే గట్టిగా నవ్వుతున్నారని నాకు తెలుసు.

"ఒక మాట చెప్పండి. ఆ కుళాయి పదకొండు మందీ కల్పించింది కాదు. అలాంటిది కల్పించలేరు. ఎవరో ఒకరిది. ఎవరిది?" అంది.

ఇక్కడ నాకు దారులున్నాయి. టీవీలో చూశానని చెప్పొచ్చు. ఊళ్లో ఎవరో ముసలమ్మ అనొచ్చు. ఆ ముసలమ్మకి ఒక పేరు కూడా పెట్టొచ్చు. ఆమె నమ్ముతుంది, నమ్మడం ఆమెకి అలవాటే. అలా నమ్మిస్తే ఆ అధ్యాయంలో నిజమైన ఒక్క కుళాయీ పోతుంది. అప్పుడు ఆమె చేతిలో ఏమీ మిగలదు. ఏదో ఒకటి మిగలాలంటే అది నా దగ్గరే ఉంది.

"నాది" అన్నాను.

ఆమె చెయ్యి సంచిలో రికార్డరు మీదకి వెళ్లి, అక్కడే ఆగి, ఖాళీగా బయటికొచ్చింది. అందుకే ఆ పిల్లంటే నాకు ఇష్టం.

ప్రొఫెసరు మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు ఒక సంవత్సరం గడువు పెంచాడు. పదకొండు మంది ఎందుకలా చెప్పారన్నదే ఇప్పుడు రాయమన్నాడు. హెన్రీకె మళ్లీ బుధవారాలు రావడం మొదలుపెట్టింది. ఈసారి కాగితం తేలేదు. పిండి ముందు కూర్చోబెట్టి చేతికి మాంతీ ఇచ్చాం. ఆమె మడిచినవి ఒక్కోటి దిండంత ఉండేవి.

"నీ పాదాలకి తగ్గట్టే మడుస్తున్నావ్" అనేది గుల్సుమ్ పిన్ని.

నిజం చెప్పమనేసరికి వాళ్లు నిజంగానే చెప్పారు. రోజుకి ఒక్క గంట ఎవరూ పిలవకుండా ఉంటే చాలని గుల్సుమ్ పిన్ని చెప్పింది. కోడళ్లకి తెలియకుండా బట్టలుతికే గదిలో మిషన్ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతుందట. హాజెర్ తన ఒంటరితనం ఎనభైల్లో ఫ్యాక్టరీలో అయిపోయిందనీ, ఇప్పుడు దానికి తీరిక లేదనీ చెప్పింది. దుర్దానె ఇస్తాంబుల్ సీసా సంగతి మొత్తం చెప్పేసింది. హెన్రీకె రికార్డరు ఆపి, "ఇది రాయొచ్చా?" అని అడిగితే, "రాయి. ముప్పై తొమ్మిదేళ్లయింది, ఇప్పుడు వెనక్కి పంపరులే" అంది.

చివరికి నా వంతు. మసీదులో వద్దన్నాను, ఇంటికి రమ్మన్నాను. ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం. టీ పెట్టాను. వంటింట్లో బల్లకి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఆమె రికార్డరు మధ్యలో పెట్టి, నేను తలూపేదాకా ఆగి, నొక్కింది.

"మీ భర్త గురించి చెప్పండి" అంది. 'ఒంటరితనం' అన్న మాట ఈసారి ఎత్తలేదు.

ఏం చెప్పాలో రాత్రంతా కూడబలుక్కున్నాను. హిక్‌మెత్ మంచివాడు, గనిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు, ఊపిరితిత్తులు పాడై పోయాడు, అంటూ వరసగా. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఒక్కసారి కూడా కాళ్లు తుడుచుకోలేదమ్మా" అన్నాను. "ముప్పై రెండేళ్లు. వజూ చేసుకుని తడికాళ్లతో తిన్నగా నడవాలోకి వచ్చేవాడు. నేను అప్పుడే తుడిచిన నేల. రోజుకి ఐదుసార్లు. తువ్వాలు తలుపు వెనకే ఉంది, కళ్లున్నాయా లేవా అని అరిచేదాన్ని. 'మరిచిపోయానే' అనేవాడు. ముప్పై రెండేళ్లు ఎవడైనా మరిచిపోతాడా? నన్ను తిట్టించుకోవడానికే చేసేవాడని ఇప్పుడనిపిస్తోంది. ఒక్కోసారి నమాజులో నిలబడి కూడా నవ్వేవాడు, భుజాలు కదిలేవి, వెనక నుంచి నాకు కనపడేది. దేవుడి ముందు నిలబడి ఆ నవ్వేంటయ్యా అని..."

నా గొంతు పెద్దదైపోయిందని అప్పుడు గమనించాను. ఐదేళ్లలో ఈ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ మాట్లాడలేదు. హెన్రీకె రాయడం మానేసి, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని వింటోంది.

"మీరేమనేవారు?" అంది.

"ఏమనేదాన్నా? అన్నీ చెప్తాను. కొన్ని నీ రికార్డరుకి మంచివి కావు" అన్నాను. టీ ఇంకో గ్లాసు పోసి, మొదటి తిట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టాను.